ఆరూ నలభై బస్సు

వెనక మలుపు దగ్గర బస్సు హారన్ వినబడగానే కాశమ్మ రోడ్డు దిగింది. తలమీద గంప ఉన్న మనిషి గబుక్కున పక్కకు జరగలేదు. ముందు ఎడమకాలు మట్టిమీద ఆనించి, తర్వాత నడుము తిప్పి, ఆఖరికి మెడ తిప్పాలి. ఆమె పూర్తిగా తిరిగేసరికి బస్సు పక్కనుంచి వెళ్ళిపోతోంది. లోపల నలుగురే ఉన్నారు. ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు, ఒక ముసలాయన, కిటికీ పక్కన కృపావతి. కృపావతి చెయ్యి బయటపెట్టి ఊపింది. గంప పట్టుకున్న చేతిని వదల్లేక కాశమ్మ గడ్డం ఎత్తింది.

దుమ్ము అణిగేదాకా ఆగి మళ్ళీ రోడ్డెక్కింది.

గంపలో కవ్వళ్ళు, పైన ఒక పొర నెత్తళ్ళు. పెద్ద చేపలు ఇప్పుడు ఒడ్డున మిగలడం లేదు. బోటు ఇసక తాకకముందే ఫిషింగ్ హార్బరుకు పోయే వ్యాను వచ్చి నిలబడుతుంది. వ్యానువాళ్ళు వద్దన్నవి కాశమ్మ గంపలోకి వస్తాయి. ఐసుముక్కలు కరిగి, తడి గోనెగుడ్డలోంచి చెవి వెనగ్గా మెడమీదికి కారుతున్నాయి. చినగెడ్డపాలెం నుంచి జీడివలస నాలుగు కిలోమీటర్లు. గంటకు పైగా పడుతుంది. ఆ పైన ఇంకా రెండు మెట్ట ఊళ్ళున్నాయి గాని, అంతదూరం వెళ్ళేసరికి ఎండ చేపల్ని బతకనివ్వదు. కాళ్ళు కూడా ఒప్పుకోవు.

జీడివలసలో మొదటి ఇల్లు చిట్టమ్మది. ఆవిడకి చూపు సరిగా ఆనదు. గంప దింపగానే గోనె పక్కకు లాగి, ఒక్కో చేప మొప్ప కింద బొటనవేలు పెట్టి చూస్తుంది. మెత్తగా తగిలితే పక్కన పడేస్తుంది.

"బస్సు ఆపేత్తారంట గదే" అంది చిట్టమ్మ, వేళ్ళతో వెతుకుతూనే.

"ఎవులు సెప్పేరు?"

"డ్రైవరే సెప్పేడు. మీ ఊరోళ్ళు ఎక్కడం నేదంట. మాకూ అదే బస్సు గదా. అయినా నాకేటిలే, నాను ఎక్కడికెల్తాను. నువ్వెలాగా నడిసొత్తావు."

కాశమ్మ గంప దగ్గర గొంతుక్కూర్చుంది. చిట్టమ్మ ఏరిన చేపల్ని కత్తిపీట మీద పొలుసు తీసి, కడిగి గిన్నెలో వేసి ఇచ్చింది.

ఆ సాయంత్రం డ్యూటీ నుంచి దిగిన కృపావతి, బస్సుస్టాపు గోడమీద అంటించిన కాగితాన్ని పైకి చదివింది. ఆమె సిటీలో ఒక ఆస్పత్రిలో ఆయా. భీమిలి దాకా ఈ బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. చేపలవాళ్ళ పేట మొదట్లో ఆమె ఇంటికీ కాశమ్మ ఇంటికీ గోడ ఒకటే.

"సోమ, మంగళ, బుధ. మూడు రోజులు మనుషుల్ని లెక్కెడతారంట పిన్నీ. రోజుకి పాతికమంది ఉండాలంట. నేపోతే ఒకటో తారీకునుంచి బస్సుండదు."

"మరి నువ్వు?"

"ఆటోలు ఏడు దాటితే గాని కదలవు. డూటీకి లేటైతే సంతకం ఎట్టనివ్వరు. ఎన్నాళ్ళు ఊరుకుంటారు?" కృపావతి కాగితం కింది అంచుని గోటితో గీకింది. "టౌన్లోనే ఓ గది సూసుకోవాల."

కాశమ్మ ఆ రాత్రికి అన్నం వండుకుంటూ గోడవతల చప్పుళ్ళు విన్నది. కుళాయి, గిన్నెలు, కృపావతి పాడుకునే పాట. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. రాత్రిపూట ఆమెను పేరుపెట్టి కాకపోయినా వరసపెట్టి పిలిచే గొంతు ఇప్పుడు అదొక్కటే. పేటలో ఇప్పటికి పద్నాలుగిళ్ళకి తాళాలు. ఇంకొకటంటే ఈ గోడ అవతల.

* * *

ఆదివారం సాయంత్రం పంచాయతీ ఆఫీసు వరండాలో మీటింగు పెట్టారు. మాట్లాడింది శివరామకృష్ణ. కృష్ణా జిల్లానుంచి చిన్న వయసులో స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక సముద్రపు గాలి కోసం ఈ ఊరి రోడ్డుమీద ఇల్లు కట్టుకున్నాడు. ఊరికి ఏ అర్జీ కావాలన్నా ఆయనే రాస్తాడు. వీధి దీపాలు ఆయన అర్జీతోనే వచ్చాయి.

"బస్సు పోతే తర్వాత పోయేది మన బడి. టీచరమ్మ వచ్చిపోయేది కూడా ఈ బస్సుమీదే" అన్నాడు. "ఇంటికొకరు ఎక్కండి. మూడు రోజులు. ఆడవాళ్ళకి ఎలాగూ ఉచితమే కదా."

మాజీ సర్పంచి సన్యాసిరాజు లేచి తన వీధినుంచి పదిమందిని తెస్తానన్నాడు. చప్పట్లు కొట్టారు. కాశమ్మ మెట్లకింద నిలబడి విని, ఇంటికి వచ్చేసింది.

చీకటి పడకముందే శివరామకృష్ణ పేటకి వచ్చాడు. చెప్పులు ఇసకలో కూరుకుపోతుంటే ఆగి ఆగి నడిచాడు. కాశమ్మ గుమ్మంలో ఉంది, ఎదురింటి అరుగుమీద గంగాలమ్మ కూర్చుని చిరిగిన వల చూసుకుంటోంది. ఒకప్పుడు కాశమ్మతో కలిసి చేపలమ్మిన మనిషి, వరసకి వదిన. మోకాళ్ళు పట్టేశాక మానేసింది.

"మీ పేటనుంచి పదిమంది ఆడవాళ్ళు రావాలమ్మా" అన్నాడాయన.

"పదిమందెక్కడున్నారు బాబూ?" అంది గంగాలమ్మ తలెత్తకుండా. "ఆడపిల్లలందరూ రొయ్యల ఫేట్రీకి పోతన్నారు. ఆలకి ఫేట్రీ బస్సే వత్తాది."

"నువ్వు రాకూడదూ?"

"ఏ బస్సెక్కడానికి?" గంగాలమ్మ దారాన్ని పళ్ళతో కొరికింది. "మాకు బస్సుందని నాకు తెల్దు బాబూ."

ఆయనకి ఆ మాట అర్థమైనట్టు లేదు. కాశమ్మ వైపు తిరిగాడు. "నువ్వు రా కాశమ్మా. ఒక్క మూడు రోజులు. గంప లేకుండా."

"గంప నేకుండా నాను భీమిలెల్లి ఏటి సేత్తాను?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఎక్కడమే. ఊరి కోసం."

గోడవతల కృపావతి బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. కాశమ్మ కాసేపు ఆ చప్పుడే విన్నది.

"వత్తాను" అంది.

ఆయన వెళ్ళాక గంగాలమ్మ వల పక్కన పడేసింది. "సిగ్గునేదేటే కాశీ నీకు? మన గంపలు దింపించినోడు పిలిత్తే ఎల్తావా?"

కాశమ్మ లోపలికి వెళ్ళింది.

* * *

సోమవారం స్టాపు దగ్గర జాతరలా ఉంది. సన్యాసిరాజు బస్సుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టాడు. ఎవరో ఫోన్లో ఫోటోలు తీశారు. కండక్టరు ఆశాజ్యోతి, ముప్పై లోపు వయసు అమ్మాయి, మిషను పట్టుకుని సీటు సీటుకీ వచ్చి ఆధార్ కార్డులు చూసి టిక్కెట్లు ఇచ్చింది. ముప్పై ఒక్కమంది.

కాశమ్మ ఉతికిన చీర కట్టుకుని, వెనకనుంచి రెండో సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. చేతుల్ని ఏం చెయ్యాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ ముందు సీటు కడ్డీ పట్టుకుంది. తల తేలిగ్గా, ఎవరో ఎత్తుకుపోయినట్టుగా ఉంది. రోజూ తాను ఆగి ఊపిరి తీసుకునే కల్వర్టు, నీళ్ళు తాగే జీడితోట కంచె, రెప్పపాటులో వెనక్కి పోయాయి.

జీడివలస స్టాపు దగ్గర చిట్టమ్మ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. కాశమ్మ కిటికీలోంచి పిలిచింది.

"ఇయాల నేవు చిట్టమ్మా!"

చిట్టమ్మ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. "గంపేదే? ఒంట్లో బాగా నేదేటి?"

జవాబు చెప్పేలోపే బస్సు కదిలింది. కాశమ్మ తల బయటపెట్టి వెనక్కి చూసింది. చిట్టమ్మ గిన్నెని అలాగే పట్టుకుని రోడ్డువైపు చూస్తోంది.

భీమిలిలో మగవాళ్ళు దిగి టీ తాగి, నవ్వుకుంటూ ఆటోలో తిరిగిపోయారు. కృపావతి పరుగెత్తి సిటీ బస్సు అందుకుంది. కాశమ్మ సముద్రం ఒడ్డుకి నడిచి, చేపలమ్మే ఆడవాళ్ళకి కాస్త దూరంగా కూర్చుంది. ఎవరో కొత్త మనిషి బేరానికి వచ్చిందనుకుని ఒకామె కానాగంతలు ఎత్తి చూపించింది. కాశమ్మ తల అడ్డంగా ఊపింది. అక్కడ ఎవరికీ ఆమె తెలియదు. తిరుగు బస్సు దాకా నాలుగు గంటలు. అంతసేపు పని లేకుండా కూర్చోవడం ఆమెకి భర్త పోయిన పదిరోజుల్లో తప్ప ఎప్పుడూ జరగలేదు.

మంగళవారం పదహారుమంది వచ్చారు. సన్యాసిరాజు పదిమందిలో ముగ్గురున్నారు. జీడితోట దాటాక ఆయనే మోటారుసైకిలు మీద బస్సుని దాటుకుంటూ పోయాడు. పోతూ చెయ్యి ఊపాడు.

ఆ రోజు తిరుగు బస్సులో సగం దారి నుంచి కాశమ్మ ఒక్కతే మిగిలింది. ఆశాజ్యోతి వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"నిన్నా ఎక్కారు, ఇవాళా ఎక్కారు. భీమిల్లో ఏం పనమ్మా?"

"పనేటి నేదు. ఎక్కమన్నారు."

ఆశాజ్యోతి నవ్వబోయి ఆగింది. "మామూలుగా ఏం చేస్తుంటారు?"

"సేపలమ్ముతాను. జీడివలస నడిసెల్తాను."

"మేం రోజూ ఖాళీగా పోతుంటే నడవడమేంటి?"

"గంప ఎక్కనివ్వరు గదమ్మా."

ఆ అమ్మాయి మిషను ఒళ్ళో పెట్టుకుంది. "అవును, చెప్పారు. చేపల గంపల వాసనా, నీళ్ళూ భరించలేకపోతున్నామని మీ ఊరోళ్ళే కాగితం రాసిచ్చారంట. ఎప్పటిదో."

"ఆరేళ్ళయినాది."

"ముందు ఎంతమంది ఎక్కేవాళ్ళు?"

కాశమ్మ వేళ్ళు మడిచింది. పెదాలు కదిలాయి గాని పేర్లు బయటికి రాలేదు. రెండు చేతులూ అయిపోయాక మళ్ళీ మొదటి వేలు ముట్టుకుంది. "పదకొండుమందిమి. రోజూ. వానొచ్చినా ఎక్కీవోలం. మూడూళ్ళూ తిరిగీవోలం."

ఆశాజ్యోతి ఖాళీ సీట్లవైపు చూసింది. "మూడు రోజులు ఎక్కి దిగిపోయేవాళ్ళతో బస్సు నిలబడదమ్మా. పైవాళ్ళకీ తెలుసు" అంది. చినగెడ్డపాలెం స్టాపులో కాశమ్మ దిగుతుంటే, "రేపు ఇనస్పెక్టరు గారు వస్తారు" అని చెప్పింది.

* * *

బుధవారం తెల్లవారుతుండగా కాశమ్మ ఒడ్డుకి వెళ్ళింది. రెండు బోట్లు వచ్చాయి. కవ్వళ్ళు, కొంచెం కానాగంతలు దొరికాయి. ఇంటికి తెచ్చి, గంప లోపల ఎరువుల సంచి ప్లాస్టిక్కు రెండు మడతలు పరిచింది. ఐసు అడుగున వేసి, చేపలు పేర్చి, పైన ఇంకో మడత కప్పి అంచులు లోపలికి దోపింది. పాత వలముక్కతో చుట్టూ బిగించి కట్టింది. ఎత్తి చూసింది. చుక్క కారలేదు. మళ్ళీ దింపి, ఒకసారి అడుగంతా చేత్తో తడిమింది.

స్టాపు దగ్గర పన్నెండుమంది ఉన్నారు. గంపతో వస్తున్న కాశమ్మని చూసి శివరామకృష్ణ ఎదురొచ్చాడు.

"ఇదేంటి కాశమ్మా? ఇవాళ ఆఖరి రోజు. ఇనస్పెక్టరు వస్తున్నాడు."

"అందుకే తెచ్చేను బాబూ."

"వాసనంటారు. గొడవవుద్ది. రేపట్నుంచి నీ ఇష్టం, ఈ ఒక్కరోజూ..."

కాశమ్మ గంప దింపి పక్కన నిలబడింది. కాలేజీ పిల్లలు ఇద్దరూ ఒకడుగు అవతలికి జరిగారు. కృపావతి వచ్చి గంప రెండోవైపు నిలబడింది.

బస్సు వచ్చింది. ఇనస్పెక్టరు దిగి, జనాన్ని చూసి, చేతిలో కాగితం చూసుకున్నాడు. యాభై దాటిన మనిషి. కోపంగా లేడు, అలసిపోయినట్టున్నాడు.

"మొన్న ముప్పై ఒకటి. నిన్న పదహారు. ఇవాళ ఇదీ" అన్నాడు. "ఈ మూడు రోజుల జనాన్ని నేను ప్రతి ఊళ్ళోనూ చూస్తానండీ. సర్లెండి. ఒక్కటి చెప్పండి. వచ్చే నెల కూడా రోజూ ఎక్కేవాళ్ళెవరు? చేతులెత్తండి."

కృపావతి ఎత్తింది. కాలేజీ పిల్లలు ఎత్తారు. మిగిలినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శివరామకృష్ణ చెయ్యి సగం లేచి, కళ్ళజోడు సర్దుకుని కిందికి దిగింది. ఆయనకి కారుంది.

కాశమ్మ చెయ్యి ఎత్తింది.

"నాను రోజూ ఎక్కుతాను. గంపతో ఎక్కుతాను."

ఇనస్పెక్టరు కండక్టరు వైపు చూశాడు. ఆశాజ్యోతి నేలవైపు చూస్తూ, "ఊరివాళ్ళ కంప్లైంటు ఉంది సార్, గంపలు వద్దని" అంది.

"ఎవరిచ్చారు?"

ఇంజను ఆగకుండా తిరుగుతోంది. శివరామకృష్ణ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"నేనే రాశాను" అన్నాడు. "మా మేనకోడలు మా ఇంట్లో ఉండి చదువుకునేది. పరీక్షకి వెళ్తుంటే తెల్ల చున్నీ మీద నీళ్ళు కారాయని ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆ పూటే రాసేశాను. సంతకాలు కూడా నేనే పెట్టించాను." కాశమ్మ వైపు తిరిగాడు. "నేనే రాశానని నీకు తెలుసా?"

"తెల్సు బాబూ."

"తెలిసీ మొన్న పిలిస్తే వచ్చావే?"

కాశమ్మ గంపమీద వలముడిని ఇంకొంచెం బిగించింది. "బస్సు నాది కాదని మీరు రాసేరు. నానెప్పుడూ రాయనేదు గదా."

ఆయన ఇంకేదో అడగబోయి మానేశాడు. ఇనస్పెక్టరు దగ్గర తెల్లకాగితం అడిగి తీసుకుని, బస్సు మెట్టుమీద పెట్టి వంగి, పాత కంప్లైంటు వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు. అర్జీలు గడగడా రాసే మనిషికి నాలుగు లైన్లకి చాలాసేపు పట్టింది. సంతకం పెట్టి ఇచ్చాక, గంప ఎత్తడానికి తనే వంగాడు. చేతకాలేదు. కృపావతి పట్టింది. వెనక సీటు పక్కన పెట్టారు. ఆశాజ్యోతి లగేజీ టిక్కెట్టు కొట్టి ఇచ్చింది.

లెక్క పాతిక రాలేదు. ఆ సంగతి ఇనస్పెక్టరు కాగితంలో ఉన్నదున్నట్టే రాసుకున్నాడు. కింద ఇంకేదో కూడా రాశాడు. "పైకి పంపిస్తాను. నా చేతిలో ఏం లేదు" అన్నాడు తర్వాత బస్సు దిగిపోతూ.

* * *

ఒకటో తారీకున ఆరూ నలభైకి బస్సు వచ్చింది. మూడు నెలలు నడిపి చూస్తారట. ఊళ్ళో ఒకరిద్దరు శివరామకృష్ణని మెచ్చుకున్నారు. ఆయన ఆ మాట వినగానే ఇంట్లోకి వెళ్ళిపోతున్నాడని చెప్పుకున్నారు.

కాశమ్మ అంతకుముందే పేటంతా తిరిగింది. పదకొండుమందిలో నలుగురు చనిపోయారు. ముగ్గురు కొడుకుల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇద్దరు రొయ్యల ఫ్యాక్టరీలో తలలు వలుస్తున్నారు. వాళ్ళు వేళ్ళకి కట్టుకున్న గుడ్డలు విప్పుకుంటూ విని, "ఇంకెక్కడి గంపలు అప్పా" అన్నారు. గంగాలమ్మ మోకాళ్ళు చూపించింది. "దింపినప్పుడు రోడ్డుమీద కూకుని ఏడిసేను. మళ్ళీ ఎక్కను" అంది.

అందుకని కాశమ్మ ఒక్కతే ఎక్కింది. గంప వెనక మూల పెట్టుకుని పక్కన కూర్చుంది. ఎక్కినవాళ్ళు ఆమెను చూసి ముందుకు వెళ్ళి కూర్చున్నారు. ఒకామె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. కృపావతి రెండు రోజులు పక్కన కూర్చుంది. మూడో రోజు, ఆస్పత్రిలో బట్టలు వాసనొస్తున్నాయన్నారని, చెప్పలేక చెప్పి నాలుగు సీట్లు ముందుకి జరిగింది. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి మాట్లాడేది. కాశమ్మ నవ్వుతూ తలూపేది. బస్సు చప్పుడులో సగం మాటలు వినబడేవి కావు.

జీడివలసలో చిట్టమ్మకి చేపలు ఇప్పుడు గంట ముందే అందుతున్నాయి. మొప్పలకింద వేలు పెట్టి, "ఇయాల బతికున్నాయే" అంటుంది. ఆ పై రెండూళ్ళలోనూ ఆరేళ్ళ తర్వాత కాశమ్మ కేక విని జనం గుమ్మాల్లోకి వచ్చారు. కొన్ని గుమ్మాల్లోకి ఎవరూ రాలేదు. గంప ఖాళీ అయ్యాక తిరుగు బస్సు కోసం కూర్చున్నప్పుడు, ఎవరితోనైనా ఈ సంగతి చెప్పాలనిపించేది. ఏ ఇంట్లో ఎవరు పోయారో, ఏ కోడలు కొత్తగా వచ్చిందో, గంగాలమ్మ అప్పట్లో పేచీపడిన ముసిల్ది ఇంకా ఉందనీ. చెప్పడానికి ఎవరూ లేక, ఖాళీ గంప బోర్లించి దానిమీద కూర్చునేది.

ఒకరోజు రాత్రి వంట చేసుకోకుండా గంగాలమ్మ అరుగు దగ్గరికి వెళ్ళి నిలబడింది. "మూడో ఊళ్ళో ఆ ముసిల్ది నిన్ను అడిగింది వదినా. మోకాళ్ళావిడ బతికుందా అని." గంగాలమ్మ మోకాలు రాసుకుంది. కాశమ్మ వచ్చేసింది.

మర్నాడు ఆరున్నరకి స్టాపులో గంప దింపి నిలబడితే, మలుపు దగ్గర ఎవరో కర్ర పోటేసుకుంటూ, ఇసక దులుపుకుంటూ వస్తున్నారు. గంగాలమ్మ. చేతిలో గంప లేదు, సంచీ లేదు. వచ్చి, రొప్పు తగ్గేదాకా గోడకి ఆనుకుని నిలబడింది. కాశమ్మ గంప కాస్త పక్కకి జరిపింది.

బస్సు వచ్చింది. మెట్టు ఎక్కడానికి గంగాలమ్మకి చాలాసేపు పట్టింది. డ్రైవరు అద్దంలో చూస్తూ ఆగాడు. లోపల ముందంతా చోటుంది. గంగాలమ్మ ఒక్కో సీటు కడ్డీ పట్టుకుంటూ వెనకదాకా నడిచి, గంప పక్కన, కాశమ్మ పక్కన కూర్చుంది.

ఆశాజ్యోతి మిషను పట్టుకుని వచ్చింది. "ఎక్కడికమ్మా?"

గంగాలమ్మ మోకాళ్ళమీద చీర సర్దుకుంది. గడ్డంతో కాశమ్మని చూపించింది.

"ఇది ఎక్కడ దిగితే అక్కడికి" అంది.